పాట ఒకచోట, పెదాలు ఇంకోచోట

ప్రశ్న: అక్కా, నేను విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి మేం ఆరుగురం కలిసి ఒక పాట చేశాం. మాటలు నావి, ట్యూన్ మా క్లాస్‌మేట్‌ది, పాడింది నా రూమ్మేట్. ఇల్లు వదిలి హాస్టల్‌కి వచ్చిన పిల్లల మీద పాట. నిడివి మూడు నిమిషాల నలభై సెకన్లు, టెంపో నిమిషానికి 100 దెబ్బలు. మొన్న ఆదివారం తెల్లవారుజామునే భీమిలి బీచ్‌కి వెళ్లి రెండు ఫోన్లతో తీశాం, ఒక్కో లైన్‌కి ఒక్కో క్లిప్. రాత్రి హాస్టల్ వరండాలో పాట మొత్తం ఒకే టేక్‌లో తీశాం. అన్నీ కలిపి 214 క్లిప్పులు. ఇప్పుడు ఎడిటింగ్‌కి కూర్చుంటే ఏడుపొస్తోంది. బీచ్‌లో మొహాలన్నీ నల్లగా ఉన్నాయి. వరండా టేక్‌లో ట్యూబ్‌లైట్లు అలలు అలలుగా మెరుస్తున్నాయి. పైగా పల్లవిలో పెదాలు బాగానే కలుస్తున్నాయి గానీ, రెండో చరణానికి వచ్చేసరికి పాట ఒకచోట, పెదాలు ఇంకోచోట. నా ల్యాప్‌టాప్‌కి 4 జీబీ ర్యామే. రెండో ఫోన్ క్లిప్పులు వాట్సాప్‌లో వచ్చాయి, అవి మసకగా ఉన్నాయి. కాలేజీ ల్యాబ్‌లో పాత మూవీ మేకర్ ఉంది. డబ్బులేసుకుని మంచి సాఫ్ట్‌వేర్ కొందామని ఒకరు, ట్రాన్సిషన్లు ఎక్కువ వేస్తే తప్పులు కనబడవని ఇంకొకరు అంటున్నారు. రైలు పట్టాల మీద నడిచే షాట్ ఒకటి తీయాలని కూడా ఉంది. అమ్మ నాకు మూట కడుతుంటే అన్నయ్య ఫోన్‌లో తీసిన 14 సెకన్ల వీడియో ఉంది, అది ఊగుతోందని మావాళ్లు వద్దంటున్నారు. ఇంకా పన్నెండు రోజులే ఉంది. మళ్లీ తీయాలా? ఉన్నదాంతో అయిపోతుందా? పాట కూడా పంపుతున్నాను, వినండి.

సమాధానం: చెల్లీ, నువ్వు పంపిన పాట మూడుసార్లు విన్నాను. రెండోసారి విన్నాక కాసేపు పని పక్కన పెట్టి కూర్చున్నాను. ‘అమ్మ కట్టిన మూట విప్పితే గదంతా మా ఊరే’ అని మీ రూమ్మేట్ పాడిన చోట గొంతు చిన్నగా వణికింది చూశావా? దాన్ని సరిచేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పాట బాగుంది. పాట బాగుంటే మిగతాదంతా కుదిరే పనే, పన్నెండు రోజులు చాలు.

ముందు నీ రెండు ప్రశ్నలకీ జవాబు. ఒక్క సాయంత్రం మళ్లీ తీయండి, అంతే. సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రూపాయి పెట్టొద్దు. తీసినదాంట్లో సగానికి పైగా పనికొస్తుంది, ఎలాగో చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. పాటల వీడియోలో కదలకూడనిది ఒక్కటే, పాట. 1930ల్లో మన తొలి టాకీలప్పుడు నటులు కెమెరా ముందే పాడుతుంటే వాద్యగాళ్లు ఫ్రేములో పడకుండా పక్కన కూర్చుని వాయించేవారు. ప్లేబ్యాక్ వచ్చాక వరస తిరగబడింది: ముందు పాట, దాన్ని పట్టుకుని బొమ్మ. ఇప్పటికీ అంతే. మీరు ఎక్కడ చిక్కుపడ్డారంటే, 214 ముక్కలు తీసుకొచ్చి వాటి కింద పాటని సర్దుదామని చూస్తున్నారు. పాటని ముందు టైమ్‌లైన్ (ఎడిటింగ్ తెరలో క్లిప్పులు వరసగా పేర్చే చోటు) మీద మేకు కొట్టినట్టు పెట్టేయాలి. ఆ ట్రాక్‌కి, అంటే పాట ఉన్న వరసకి, తాళం వేసేయాలి. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ట్యూన్ కట్టిన అబ్బాయి కూడా.

ఆ అబ్బాయి పేరు ఎందుకెత్తానో చెబుతాను. హైదరాబాద్‌లో నేను ఎడిటింగ్ మొదలుపెట్టిన ఏడాది ఒక జానపద పాట చేశాను. షూటింగ్‌లో వేసిన పాట రఫ్ మిక్స్, టెంపో 98. తర్వాత రికార్డింగ్ వాళ్లు ఫైనల్ ఇచ్చారు, ‘కొంచెం ఊపు పెంచాం’ అన్నారు, 100. వినడానికి తేడా తెలియదు. నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ ఉన్న ఆ పాట చివరికొచ్చేసరికి నాలుగు సెకన్లకు పైగా తేడా వచ్చింది. ఆ అమ్మాయి ఒక లైన్ పాడుతుంటే స్పీకర్లో ఇంకో లైన్ వస్తోంది. రెండు రాత్రులు ముక్క ముక్కా లాగి సర్దాను, అయినా బతికించలేకపోయాను. ఆ పాటలో నాట్లేసే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా కోసం బురదలో నిలబడ్డారు. వాళ్ల ఆ ఒక్క రోజు పోయింది. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే అడుగుతున్నాను, నువ్వు నాకు పంపినదే ఫైనల్ పాటా? ఇంకా ఏదైనా మార్చాలనుంటే ఈ రెండు రోజుల్లో మార్చేయండి. ఆ తర్వాతే షూటింగ్.

ఇప్పుడు వరండా టేక్ సంగతి. పాట మొత్తం ఒకే టేక్‌లో తీయడం మీరు చేసిన మంచి పని. అయినా ఎందుకు జారింది? ఫోన్ వల్ల. సెకనుకు 30 బొమ్మలు తీస్తున్నానని ఫోన్ చెబుతుంది గానీ, వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు చెప్పకుండా 24కో ఇంకా కిందకో దిగిపోతాయి, మళ్లీ లైటు కనబడగానే పైకి వెళతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని అన్ని బొమ్మలూ సమానమైన ఎడంతో ఉన్నాయనుకుని లెక్క వేసుకుంటాయి. మొదట్లో తేడా తెలియదు, పోనుపోను జారుతుంది. మీ రూమ్మేట్ తప్పు ఏమీ లేదు, ఆమెతో ఆ మాట చెప్పు, పాపం తనే సరిగ్గా పాడలేదనుకుంటోందేమో.

దీనికి మందు ఉంది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. క్లిప్‌ని అందులో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలో ఆ లెక్క; ఒక్కో బొమ్మా ఒక ఫ్రేము) 30 పెట్టి, దాని కింద కాన్‌స్టంట్ అన్నది ఎంచుకుని కొత్త ఫైలు చేసుకో. తెరిచే ప్రతి క్లిప్‌కీ ముందు ఇదే స్నానం. షాట్‌కట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే ఇలాంటి క్లిప్ వేయగానే తనే గుర్తుపట్టి ‘మార్చమంటావా’ అని అడుగుతుంది. నేను నీకు చెప్పబోయే సాఫ్ట్‌వేర్ కూడా అదే.

ల్యాబ్‌లోని మూవీ మేకర్ జోలికి వెళ్లకు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరితో ఆపేసింది. పాతబడిందని కాదు నేను వద్దంటున్నది. అందులో వీడియోకి ఒకటే ట్రాక్. నీకు కావలసింది ఒకదాని మీద ఒకటి పేర్చుకోగల నాలుగైదు ట్రాకులు. షాట్‌కట్‌లో అది ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, వీడియో మీద తన ముద్ర వేయదు. ల్యాప్‌టాప్‌కి 4 జీబీ ర్యామే అన్నావు గదా, సెట్టింగ్స్‌లో ప్రాక్సీ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యి. ప్రాక్సీ అంటే పెద్ద క్లిప్‌కి చిన్న నకలు. కట్లన్నీ ఆ నకలు మీద చేస్తావు, చివరిలో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు క్లిప్‌నే తీసుకుంటుంది. పక్కనే ప్రివ్యూ స్కేలింగ్ ఉంటుంది, దాన్ని 360కి దించు. బ్రౌజర్ మూసెయ్యి. 4 జీబీతో మెల్లగా అయినా నడుస్తుంది.

ఇంకో మాట, వాట్సాప్. మామూలుగా పంపిన వీడియోని అది పిండి పిప్పి చేసి పంపుతుంది. ఆ మసక అందుకే. రెండో ఫోన్ ఉన్న వాళ్ల దగ్గరకి కేబుల్ పట్టుకెళ్లి ల్యాప్‌టాప్‌లోకి నేరుగా దించుకో. కుదరకపోతే డాక్యుమెంట్‌గా పంపమను, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ పని రేపే చెయ్యి. ఫోన్ నిండిపోయిందని ఎవరో ఒకరు క్లిప్పులు తుడిచేసే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు.

బీచ్‌లో మొహాలు నల్లబడటానికి కారణం మన సముద్రం. మనది తూర్పు తీరం. భీమిలిలో పొద్దున సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. మనిషిని నీళ్లకి వీపు పెట్టి నిలబెడితే వెలుతురంతా వెనక నుంచి వస్తుంది, మొహం చీకటిలో పడుతుంది. సినిమాల్లో చూసే సూర్యాస్తమయం, సముద్రం, పాడే మనిషి అన్నీ ఒకే ఫ్రేములో ఉండటం పడమటి తీరంలో కుదిరే ముచ్చట. మనకి సాయంత్రం మేలు. పొద్దు ఊరివైపు, కొండలవైపు వాలుతుంది. అప్పుడు మీ రూమ్మేట్‌ని అదే చోట, అదే సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టు, మొహం మీద ఆ వెలుతురు పడుతుంది, వెనక నీళ్లు నీలంగా ఉంటాయి. ఫిబ్రవరిలో మనవైపు ఆరింటి ప్రాంతంలో పొద్దు కుంకుతుంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా అక్కడ ఉండండి, నాలుగున్నరకి మొదలుపెట్టండి. ఎండ నేరుగా కళ్లలో పడి చిట్లిస్తుంటే కొంచెంసేపు ఆగండి, పొద్దు చెట్ల వెనక్కి దిగగానే మెత్తటి వెలుతురు వస్తుంది. ఆ ఇరవై నిమిషాలూ బంగారం. తీసేవాళ్ల నీడలు మాత్రం అప్పుడు బారెడు పొడుగవుతాయి, ఇసుక మీద ఫ్రేములోకి పాకుతాయి, ఒకరు అదే చూస్తూ ఉండాలి. నీడలో తీసేటప్పుడు థర్మాకోల్ షీటు ఒకటి ఛాతీ ఎత్తులో పట్టుకుని వెలుతురు మొహం మీదకి కొట్టించండి. గాలికి ఎగిరిపోతుంది, రెండు చేతులతో పట్టుకోమను.

పొద్దుటి నల్లటి క్లిప్పుల్ని పారేయకు. బ్రైట్‌నెస్ పెంచి మొహాలు బయటికి లాగాలని మాత్రం చూడకు, చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది. మీ పాటలో పల్లవి అయ్యాక ఫ్లూట్ బిట్ ఉంది, మొదటి చరణం తర్వాత ఇంకొకటి. అక్కడ ఎవరూ పాడరు. పెదాలతో పనిలేదు. లేచే సూర్యుడి ముందు నల్లటి ఆకారాలు నడుస్తుంటే ఆ బిట్లకి అంతకంటే ఏం కావాలి? ఇంకా నల్లబరుచు, ఆకారమే మిగలనివ్వు. ఆ ఆదివారం మీరు పడిన శ్రమ అంతా అక్కడ నిలబడుతుంది.

ఇక సాయంత్రం ఎలా తీయాలంటే, లైన్‌కో క్లిప్ వద్దు. పాట మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా ఒక టేక్. తప్పు పాడినా ఆపొద్దు, కానివ్వండి. దూరం నుంచి మనిషంతా కనబడేలా ఒకసారి. నడుము దాకా ఒకసారి. మొహం మాత్రమే ఒకసారి. పక్క నుంచి ఒకసారి. ఆరుగురూ కలిసి ఒకసారి. ఇంకోసారి మొహమే, ఎందుకంటే అది ఎప్పుడూ తక్కువపడుతుంది. ఆరు టేకులు, మొత్తం 22 నిమిషాల వీడియో, ఫోన్‌ని బట్టి మూడు జీబీ దాకా అవుతుంది. 214 క్లిప్పుల్లో ప్రతిదాన్నీ విడివిడిగా పాటకి కలపాలి. ఇవి ఆరుసార్లు కలిపితే చాలు. ఒక్కసారి కలిపి ఒకదానిమీద ఒకటి ట్రాకుల్లో పేర్చాక, ఎక్కడ కోసి ఏ టేక్‌లోకి దూకినా పెదాలు పాట మీదే ఉంటాయి. వాక్యం సగంలో దూకినా సరే. పాటల ఎడిటింగ్‌లో సగం హాయి ఇదే.

షూటింగ్‌లో వినిపించే పాటకి ముందు నాలుగు టిక్కులు పెట్టుకోండి, అదే టెంపోలో. పాడే అమ్మాయికి ఎత్తుకోవడానికి అందుతుంది. రికార్డ్ నొక్కాక, కెమెరాకి కనబడేలా ఒకరు నాలుగో టిక్ మీద చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో శబ్దాన్ని గీతలా చూపించే తరంగం ఆ చప్పుడు దగ్గర నిటారుగా లేస్తుంది, దాన్ని పట్టుకుని పాటకి కలిపేస్తావు. స్పీకర్ పాడే మనిషి కాళ్ల దగ్గర, ఫ్రేముకి కింద ఉండాలి. అలల హోరులో ఫోన్ స్పీకర్ వినబడదు, బ్లూటూత్ స్పీకర్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. దూరం షాట్‌లో ఒక చిన్న సంగతి గుర్తుంచుకో: శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. స్పీకర్‌కి, ఫోన్‌కి మధ్య 34 మీటర్లుంటే చప్పుడు ఫోన్‌కి చేరేసరికి మూడు ఫ్రేములు దాటిపోతాయి. తరంగం చూసి కలిపితే పెదాలు ముందే కదిలినట్టుంటాయి. అక్కడ చెవిని కాదు, కంటిని నమ్ము.

కంటితో ఎలా కలపాలో ఇది చూడు. మన అక్షరాల్లో ప, ఫ, బ, భ, మ అనాలంటే రెండు పెదాలూ కలవాల్సిందే. ఓష్ఠ్యాలని చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకున్నాం కదా, ఆ అక్షరాలే ఎడిటర్‌కి దిక్సూచి. నీ లైనే తీసుకో: ‘అమ్మ కట్టిన మూట విప్పితే’. ‘అమ్మ’లో మొదటి అకారానికి నోరు తెరుచుకుంటుంది, ‘మ్మ’ దగ్గర మూసుకుని ఒక క్షణం ఆగుతుంది, వదులుతుంది. ‘కట్టిన’ అన్నంతసేపు పెదాలు కలవవు. మళ్లీ ‘మూట’లో మూసుకుని ముందుకు సాగుతాయి. ‘విప్పితే’లో ‘ప్పి’ దగ్గర గట్టిగా మూసుకుని ఫట్‌మని తెరుచుకుంటాయి. ఆ ‘ప్పి’ తెరుచుకునే ఫ్రేము దగ్గర ఆగు. బాణం గుర్తు మీటతో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, పాట తరంగంలో ‘ప్పి’ పేలే చోటికి దాన్ని తెచ్చి నిలబెట్టు. ఆ ఒక్క అక్షరం కుదిరితే లైనంతా కుదురుతుంది. పాట మొదట్లో ఒక ‘మ’ దగ్గర, మధ్యలో ఒక ‘ప’ దగ్గర, చివర్లో ఇంకొకటి చూసుకో. మూడూ కలిస్తే ఆ టేక్ జారడం లేదని అర్థం. వరండా టేక్‌ని ఫ్రేమ్ రేట్ మార్చాక ఇలాగే పరీక్షించు. ఇంకా కొంచెం జారుతుంటే చరణం దగ్గర కోసి ఆ ముక్కని రెండు మూడు ఫ్రేములు జరుపుకో.

మీ రూమ్మేట్‌కి ఒక మాట చెప్పు: ఊరికే నోరు కదపొద్దు, గొంతెత్తి పాడమను. బయట ఎంత మంది చూస్తున్నా సరే. నిజంగా పాడే మనిషికి మెడ నరం కనబడుతుంది, ఊపిరి తీసుకునేటప్పుడు భుజం లేస్తుంది. నటించే మనిషికి ఇవేవీ ఉండవు, పెదాలు ఎంత బాగా కలిసినా చూసేవాళ్లకి ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది.

జుట్టు గాలికి నెమ్మదిగా ఎగురుతూ, పాట మాత్రం సరిగ్గా పాడే షాట్ కావాలని మీలో ఎవరికైనా ఉండే ఉంటుంది. ఒక లైన్‌కి చేయండి. ఫోన్‌లో పాటని రెట్టింపు వేగంతో వేయండి, ఆమె ఆ వేగంతోనే పాడాలి, కెమెరా సెకనుకు 60 ఫ్రేముల్లో తీయాలి. ఎడిటింగ్‌లో వేగం సగానికి తగ్గిస్తే పెదాలు మామూలు పాటకి కలుస్తాయి, అలలు, జుట్టు, చున్నీ నెమ్మదిస్తాయి. ముందు హాస్టల్‌లో పదిసార్లు ప్రాక్టీస్ చేయించు.

తీసే ముందు ప్రతిసారీ లెన్స్‌ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. సముద్రం పక్కన పావుగంటలో ఉప్పు తుంపర పొరలా పడుతుంది. తెర మీద మొహం తాకి అలాగే నొక్కిపట్టండి, ఫోకస్, వెలుతురు అక్కడే లాక్ అవుతాయి, లేకపోతే మబ్బు కదిలినప్పుడల్లా బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఫోన్‌ని ఆనించండి.

వరండాలో లైట్ల అలలకి కారణం మన కరెంటు. మనది 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. ఫోన్ షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుతురు తీసుకునే సమయం) ఆ లెక్కకి పొంతన లేకుండా ఉంటే అలలు కనబడతాయి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, పోతాయి. కొన్ని ఫోన్లలో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, అక్కడ 50 హెర్ట్జ్ ఎంచుకోవాలి. తీసేసిన టేక్‌లో ఆ మెరుపు పూర్తిగా పోదు. నలుపు తెలుపులోకి మార్చి చూడు, చాలావరకు కంటికి ఇంపుగా మారుతుంది, పైగా రాత్రి వరండా, ఇంటి మీద బెంగ, ఆ రంగు కుదురుతుంది కూడా.

రైలు పట్టాల షాట్ వద్దు. దీని గురించి ఎక్కువ చెప్పను. అనుమతి లేకుండా పట్టాల మీదకి వెళ్లడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, ఫోన్ చూస్తూ వెనక్కి నడిచే మనిషికి, చెవి పక్కన స్పీకర్ మోగుతున్న మనిషికి రైలు చప్పుడు వినబడదు. ఇల్లు వదిలి వచ్చారని చెప్పడానికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపడం చాలు. హాస్టల్ మంచం కింద ట్రంకుపెట్టె, దాని మీద భీమాళి మామిడి తాండ్ర పొట్లం, సగం తిన్నది. అది దగ్గర నుంచి ఐదు సెకన్లు తీయండి. మీ జిల్లా పిల్లలకి అది చూడగానే ఇల్లు గుర్తొస్తుంది.

ఎడిటింగ్ మాట కొస్తే, పాట వింటూ దెబ్బ పడ్డప్పుడల్లా షాట్‌కట్‌లో ఎం మీట కొట్టుకుంటూ పో, గుర్తులు పడతాయి. టెంపో 100 కాబట్టి దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.6 సెకన్లు, 30 ఫ్రేముల లెక్కన సరిగ్గా 18 ఫ్రేములు. నాలుగు దెబ్బల ఆవర్తనం 72. అలాగని ప్రతి దెబ్బకీ కోయకు, రెండు నిమిషాలకే చూసేవాళ్లకి తల తిరుగుతుంది. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడు రెండు మూడు షాట్లే వాడు. జనం ముందు ఆమె మొహానికి అలవాటుపడాలి. డప్పు వచ్చే చోట వేగం పెంచు. కోత కనబడకూడదంటే కదలికలో కొయ్యి: ఆమె తల తిప్పడం దూరం షాట్‌లో మొదలవ్వాలి, తిప్పడం పూర్తయ్యేది దగ్గర షాట్‌లో ఉండాలి. అన్నీ పూర్తి టేకులే కాబట్టి ఆ తల తిప్పడం రెండింట్లోనూ ఒకేచోట దొరుకుతుంది, కాకపోతే ప్రతి టేక్‌లో ఒకే లైన్ దగ్గర తిప్పమని ఆమెకి ముందే చెప్పాలి.

ట్రాన్సిషన్లతో తప్పులు కప్పుదామన్న స్నేహితుడికి నా మాటగా చెప్పు: బొమ్మ గిర్రున తిరిగి ఇంకో బొమ్మ అయినప్పుడల్లా చూసేవాడు పాట వదిలేసి ఆ తిరగడాన్నే చూస్తాడు. మామూలు కట్‌తో పాట నడిపించు. వరండా నుంచి బీచ్‌కి వెళ్లేచోట మాత్రం ఒక డిసాల్వ్ (ఒక బొమ్మ కరుగుతూ ఇంకో బొమ్మ తేలడం) పెట్టుకో, ఒక ఆవర్తనం నిడివి. అతనికి ఏదైనా చేయాలని ఉంటే రంగులు సరిచేసే పని అప్పగించు. రెండు ఫోన్ల రంగు రెండు రకాలుగా ఉంటుంది, ఆమె చర్మం రంగు అన్ని షాట్లలో ఒకేలా కనబడేదాకా సర్దాలి. అది ఓపిక కావాల్సిన పని, దొడ్డ పని.

చివర్లో పేర్లు వేసేటప్పుడు తెలుగు అక్షరాలు జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. అలా అయితే ఫోన్‌లోనో, ఇంకెక్కడైనానో పేర్లని బొమ్మగా చేసుకుని దాన్నే టైమ్‌లైన్ మీద పెట్టు. ఆరుగురి పేర్లూ, స్పీకర్ ఇచ్చిన వాళ్ల పేరూ ఉండాలి. ట్యూన్‌లో డప్పు లూప్ నెట్‌లోంచి దించుకున్నది అయితే దాని షరతులు ఒకసారి చదవమను. తర్వాత యూట్యూబ్‌లో పెట్టినప్పుడు ఆ లూప్ మాదని ఎవరైనా క్లెయిమ్ వేస్తే మీ సొంత పాట మీదే మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఎక్స్‌పోర్ట్ 1080, 30 ఫ్రేములు, హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి). సెకనుకు 8 మెగాబిట్లు సరిపోతుంది, ఫైలు 220 ఎంబీ దగ్గర తేలుతుంది. ఇల్లలకగానే పండగ కాదు. వార్షికోత్సవానికి ముందురోజు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి అదే హాలులో, అదే ప్రొజెక్టర్ మీద, అదే కంప్యూటర్‌లో వేసి చూడండి. ప్రొజెక్టర్ మీద చీకటి షాట్లు ఇంకా చీకటిగా పడతాయి. వెనక వరసలో నిలబడి చూసి, మొహాలు తెలియకపోతే ఆ రాత్రికి కొంచెం వెలుతురు పెంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. అందుకే పదో రోజుకల్లా ఎడిటింగ్ ముగించు.

ఇక మీ అమ్మ వీడియో. ఊగుతోందని తీసేయమన్నారు కదా. నేను ఆ క్లిప్ చూడలేదు, కానీ దాన్ని వదులుకోవద్దని బతిమాలుతున్నాను. అన్నయ్య ఏ ఆలోచనా లేకుండా తీశాడు, అమ్మకి తీస్తున్నట్టు కూడా తెలిసి ఉండదు. మీరు ఎన్ని టేకులు చేసినా అలాంటిది దొరకదు. చెయ్యి ఊగితే ఊగనివ్వు, స్టెబిలైజర్ వేయకు. రెండో చరణం ఎత్తుకునే ముందు మీ పాట నాలుగు దెబ్బలపాటు ఆగుతుంది, తంబూరా తప్ప ఏమీ ఉండదు. అక్కడ ఆ క్లిప్ మొదలుపెట్టు. అమ్మ గుడ్డ కొసలు దగ్గరికి లాగి ముడి వేసే క్షణం సరిగ్గా ఆ ఖాళీలో పడేలా జరుపు, క్లిప్‌లోని అసలు చప్పుడు కూడా ఆ రెండున్నర సెకన్లు వినిపించు, గాజుల చప్పుడు ఉంటే మరీ మంచిది. తర్వాత ‘అమ్మ కట్టిన మూట’ అని గొంతు మొదలయ్యాక కూడా రూమ్మేట్ మొహానికి వెంటనే వెళ్లకు, ఆ లైన్ సగం దాకా అమ్మ చేతుల మీదే ఉండి, ‘విప్పితే’ దగ్గర ఆమెకి కొయ్యి.

ఆ క్లిప్ అన్నయ్య ఫోన్‌లో ఇంకా ఉందో లేదో ఈ రాత్రికే ఫోన్ చేసి కనుక్కో. ఉంటే వాట్సాప్‌లో వీడియోగా పంపమనకు, డాక్యుమెంట్‌గా పంపమను.